ముద్ర లేని మూర

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. కూర్మారావు నోరు మంచిదే, ఎవర్నీ పల్లెత్తు మాట అనదు. దానికున్న రోగమల్లా ఒక్కటే, మూసుకోవలసిన చోట తెరుచుకుంటుంది. ఆ రోగం వల్ల సింగన్నపేట పూలబజారు ఒక శ్రావణమాసంలో ఎలా మూతబడిందో చెప్పాలంటే ముందు ఆయన ఉద్యోగం గురించీ, ఆయన గోరు గురించీ చెప్పాలి.

ఉద్యోగం కొలతల పర్యవేక్షణ శాఖలో ఇన్‌స్పెక్టరు. కొట్లవాళ్ళ కాటాలూ తూకం రాళ్ళూ సరిచూసి, బాగున్న రాయి అడుగున సీసం మీద ముద్ర కొట్టడం ఆయన పని. కొందరు ఘనులు ఆ సీసాన్ని తవ్వి, రాయి బరువు తగ్గించి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ పూడ్చేస్తారు. అలాంటివి గీకి కనిపెట్టడానికి కూర్మారావు కుడిచేతి నడిమివేలి గోరు పెంచాడు. "ఆ గోరుతో మీరు అన్నం కలుపుతుంటే నాకు తిన్నది వంటబట్టదు" అని భార్య సుందరమణి కాపురానికొచ్చిన కొత్తలోనే చెప్పింది. ఆ తర్వాతా చెబుతూనే ఉంది. కూర్మారావు అన్ని సంగతుల్లోనూ ఆవిడ మాట వింటాడు గానీ, గోరు దగ్గరకొచ్చేసరికి మాత్రం ప్రభుత్వోద్యోగి అయిపోతాడు.

ఎలక్ట్రానిక్ కాటాలొచ్చాక రాళ్ళు తగ్గాయి. రాళ్ళు తగ్గాక ముద్రలు తగ్గాయి. ముద్రలు తగ్గాక అసలీ శాఖ దేనికని పైవాళ్ళకి అనుమానం వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే కంట్రోలరు వైకుంఠరావు గారు ఏదో చల్లని ఊళ్ళో ట్రైనింగు ముగించుకుని తిరిగొచ్చి, సిబ్బందిని సమావేశపరిచారు.

"నియంత్రణ అనగా లాఠీ కాదు, తత్వం" అని మొదలుపెట్టారు ఆయన. బోర్డు మీద గోపురం బొమ్మ గీశారు. "కింది అంతస్తు ఒప్పించుట. మధ్య అంతస్తు హెచ్చరించుట. పై అంతస్తు శిక్షించుట. నియంత్రకుడు ఒక్కొక్క అంతస్తే ఎక్కవలెను. మరొక సూత్రం. మన కంట పడిన కొలత ప్రమాదకరం కాదు. మన పరిధిలోకి రాని కొలతే ప్రమాదకరం. అట్టి కొలత మన జిల్లాలో ఏదైనా గలదా?"

తెలివైనవాళ్ళు నేల చూపులు చూశారు. కూర్మారావు మాత్రం ఆ సమయంలో సభలో లేడు, మనసు పూలబజారులో ఉంది. పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరుతుంటే సుందరమణి రెండు మూరలు జాజులు తెమ్మంది. ఎక్కడ మరిచిపోతాడోనని పైకే గొణుక్కున్నాడు.

"మూర."

"ఏమన్నారు?" అన్నారు కంట్రోలరు.

లేచి నిలబడక తప్పలేదు. "మూర, సార్. పూలు మూర లెక్కన అమ్ముతారు."

"కొలిచే పరికరం ఏది?"

"చెయ్యి, సార్. మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా."

"ఎవరి చెయ్యి?"

"అమ్మేవాళ్ళదే, సార్."

"దానికి ముద్ర గలదా?"

కూర్మారావు బుర్ర గోక్కున్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక చేతికి ముద్ర కొట్టిన జ్ఞాపకం లేదు. "లేదు, సార్."

"అనగా ఈ పట్టణంలో ముద్ర లేని పరికరాలతో పట్టపగలు వ్యాపారం జరుగుచున్నది" అన్నారు కంట్రోలరు. ఆయన గొంతులో కోపం కంటే ఆనందం ఎక్కువగా ఉంది. "ఒక్కొక్కరి వద్ద రెండేసి పరికరాలు."

ఆ వారం తిరక్కుండానే పుష్పమాలికా విక్రయ బాహుపరికరాల నియమావళి వచ్చేసింది. 'బాహుపరికరమనగా జీవించియున్న విక్రేతకు చెంది, సదరు విక్రేత శరీరమునకు అంటియున్న చేయి' అని మొదటి పేజీలోనే నిర్వచనం ఉంది. అంటి ఉండని చేతుల గురించి విడిగా నియమాలు వస్తాయని అడుగున చిన్న అక్షరాల్లో వేశారు.

ఇంతవరకూ బాగానే ఉంది. కొలవాలంటే మాత్రం పక్కన పెట్టి చూసుకోవడానికి అసలు సిసలు మూర ఒకటి ఉండాలి. మీటరు ఎక్కడుందో రాజధాని ప్రయోగశాలకి తెలుసు. మూర ఎక్కడుందో వాళ్ళకీ తెలియదు. 'ప్రామాణిక మూరను స్థానికంగా సమకూర్చుకోవలెను' అని జవాబిచ్చారు. కంట్రోలరు గారు ముందు తన చెయ్యే చాపి కొలిపించుకున్నారు. టేపు వంక చూసి, కార్యాలయాధిపతి బదిలీలకు లోబడి ఉండును గనుక ప్రామాణికంగా పనికిరాడని సెలవిచ్చారు. తర్వాత అందరి చూపూ కూర్మారావు మీద పడింది.

కూర్మారావు పొడుగరి. చేతులు ఇంకా పొడుగు. బళ్ళో చదివేటప్పుడు ఆ చేతుల్ని చూసి కొండముచ్చని ఏడిపించేవారు.

"ఆజానుబాహులు" అన్నారు కంట్రోలరు.

నిజం చెప్పొద్దూ, కూర్మారావు పొంగిపోయాడు. కుడిచెయ్యి బల్ల మీద పరిచి, గోరు కొస దాకా నిటారుగా చాపాడు. గోరు వేలిలో భాగమా కాదా అని గుమస్తా సందేహం వెలిబుచ్చాడు. అది న్యాయ సలహాకు పంపవలసిన అంశమనీ, సలహా వచ్చేవరకు గోరు కలిసే ఉంటుందనీ కంట్రోలరు తేల్చారు.

"మరి నా చెయ్యి సరిగ్గా ఉందో లేదో ఎవరు చూస్తారు, సార్?" అని మళ్ళీ నోరు తెరిచాడు కూర్మారావు.

"నేను చూస్తాను. జవాబుదారీతనమనగా అదే."

"మిమ్మల్నెవరు చూస్తారు, సార్?"

"సమావేశం ముగిసినది" అన్నారు కంట్రోలరు.

ఆ రోజు నుంచి కూర్మారావు కుడిచెయ్యి జిల్లా ప్రామాణిక మూర అయింది. ప్రామాణికం అరిగిపోకూడదు కాబట్టి బరువులు ఎత్తకూడదన్నారు. వేడికి సాగకూడదు కాబట్టి వేన్నీళ్ళు తగలకూడదన్నారు. ఇంటికెళ్ళి ఈ సంగతి గొప్పగా చెప్పాడు. "అయితే ఆ బియ్యం బస్తా ఎడంచేత్తో దించండి" అంది సుందరమణి.

మర్నాడు లక్క, ఎర్రతాడు, ముద్ర సరంజామా పట్టుకుని పూలబజారుకెళ్ళాడు. మొదటి కొట్టు పైడితల్లిది. కొట్టంటే కొట్టు కాదు, గోనెపట్టా మీద రెండు బుట్టలు. మనిషి పొట్టి, చేతులు పొట్టి. సుందరమణి ఆవిడ దగ్గర తప్ప ఇంకెక్కడా పూలు కొనదు. శ్రావణమాసం నాలుగు శుక్రవారాల్లో అమ్ముకున్నదే ఆ పైడితల్లికి ఏడాదంతా కూడూ గుడ్డానూ.

"రండి బావూ, అమ్మగారికి జాజులియ్యమంటారేటి?" అంది.

"ఇవాళ కొనడానికి రాలేదమ్మా. కొలవడానికొచ్చాను. చెయ్యి చాపు."

ఏ వేలిముద్రలకో అనుకుని చాపింది. పక్కన తన చెయ్యి పెట్టి చూశాడు. పైడితల్లి నడిమివేలు కూర్మారావు అరచేతి మధ్యకి వచ్చి ఆగిపోయింది. ఆయన గొంతు సవరించుకుని గోపురం మొదటి అంతస్తు ఎక్కాడు.

"మీ చెయ్యి పొట్టిగా ఉన్నది. దయచేసి పొడుగు చేసుకోవలసిందిగా శాఖ తరఫున కోరుచున్నాను."

పైడితల్లి ఆయన మొహం వైపు చూసింది. "ఒంట్లో బావుందా బావూ?"

"ఒప్పించడం అయింది. ఇప్పుడు హెచ్చరిస్తున్నాను. పొడుగు చేసుకోకపోతే చర్య తీసుకోబడును."

"మా అమ్మ కడుపులోంచి ఇలగే ఒచ్చినాను బావూ. ఇప్పుడెలగ సాగదీత్తాను?"

కాస్సేపు ఆగి చూశాడు. చెయ్యి ఏమీ పెరగలేదు. ఇక పై అంతస్తే మిగిలింది. పనికిరాని పరికరాన్ని స్వాధీనం చేసుకోవాలని నియమం. చెయ్యి పట్టుకుపోవడానికి వీల్లేదు గనుక 'యథాస్థాన స్వాధీనం' అని ఒక పద్ధతి పెట్టారు. మోచేతికీ నడిమివేలికీ కలిపి ఎర్రతాడు కట్టి, రెండు కొసలా లక్క ముద్ర వెయ్యడం ఆ పద్ధతి. దాంతో అరచెయ్యి పూర్తిగా తెరుచుకోదు, మూర కొలవడం కుదరదు. ఎడమ చెయ్యి అదనపు పరికరం కింద వస్తుంది కాబట్టి దానికీ కట్టాడు.

"కూడెలగ తినాల బావూ?" అంది పైడితల్లి.

కూర్మారావు నియమావళి తిరగేశాడు. "తినడం వాణిజ్య లావాదేవీ కాదు. తినొచ్చు" అని, అన్నం కలుపుకునేంత వదులుగా, పూలు కొలవలేనంత బిగువుగా తాడు సర్దాడు. తన సర్వీసులో ఇంత మానవతాదృక్పథంతో ఎప్పుడూ పనిచేయలేదని ఆ క్షణంలో అనుకున్నాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

సాయంత్రానికి బజారంతా ఎర్రతాళ్ళే. కొండముచ్చు చేతులతో సరితూగే చెయ్యి ఆ బజార్లో ఒక్కటీ దొరకలేదు.

నివేదిక చదివి కంట్రోలరు మెచ్చుకున్నారు. మెచ్చుకుని, కళ్ళజోడు పైకి తోసి, "మీ ఇంటికి పూలు ఎవరి వద్ద కొందురు?" అని అడిగారు.

"పైడితల్లి దగ్గర, సార్."

"కొసరు ఇచ్చునా?"

"ఇస్తుంది, సార్. అందరికీ ఇస్తుంది."

"అందరినీ లోబరచుకొనుచున్నదన్న మాట. దీనినే మా ట్రైనింగులో నియంత్రకుని వశీకరణ అన్నారు. నియంత్రింపబడువారి గుప్పిట్లోకి నియంత్రకుడు వెళ్ళరాదు. ఇక మీ ఇంట ఆమె పూలు కనబడరాదు."

ఇంటికొచ్చేసరికి సుందరమణి గుమ్మంలోనే ఉంది. అప్పటికే ఊరంతా తెలిసిపోయింది.

"పైడితల్లి చేతులు కట్టేశారటగా. ఎల్లుండి వరలక్ష్మీ వ్రతం. దాని పూలు ఎవరు కొలుస్తారు? నేను అమ్మవారికి ఏం పెట్టాలి, మీ నియమావళా?"

"చట్టం..."

"దాని చెయ్యి విప్పేదాకా ఈ చెయ్యి మీకు వండిపెట్టదు" అని గరిటె ఆయన ముందు పెట్టి వెళ్ళిపోయింది.

కూర్మారావు ఎడంచేత్తో అటుకులు నానబోసుకు తిన్నాడు. తింటున్నంతసేపూ 'కూడెలగ తినాల' అన్న పైడితల్లి మాటే చెవిలో మోగింది. తప్పు చేశానని లోపల తెలుస్తూనే ఉంది. కానీ తప్పు చేసింది తనా, తన చెయ్యా, తన హోదానా అని పంచుకుంటూ పోతే ఎవరి వాటాకీ పెద్దగా ఏమీ రాలేదు. సర్కారు నౌకరీలో ఉన్న సుఖం అదే. తిన్నాక వెళ్ళి భార్య ముందు చెయ్యి చాపాడు.

"తాడు విప్పే అధికారం నాకు లేదు. నా చేతిలో ఉన్నది ఈ గోరొక్కటే. వ్రతం పూట నీ కంటికి అడ్డం లేకుండా అదైనా తీసెయ్యి."

ఆవిడ కత్తెర తెచ్చి, టక్కున తీసేసి, గోటిముక్క పెరట్లోకి విసిరేసింది. కూర్మారావుకి గుండె బరువు కొంచెం దిగినట్టనిపించింది.

ఆ దిగిన బరువు మర్నాడు పొద్దున్నే రెట్టింపై తిరిగొచ్చింది. జవాబుదారీతనంలో భాగంగా కంట్రోలరు గారు ప్రామాణికాన్ని ఆకస్మిక తనిఖీ చేశారు. టేపు పరిచారు, తీశారు, మళ్ళీ పరిచారు.

"తగ్గినది."

"గోరు తీశాను, సార్."

"ప్రభుత్వ ప్రామాణికాన్ని కత్తిరించిన వ్యక్తి ఎవరు?"

"మా ఆవిడ, సార్."

"కత్తిరించబడిన భాగం ఎక్కడ గలదు?"

"పెరట్లో పారేసింది, సార్."

ఇద్దరు అటెండర్లని వెతకడానికి పంపారు. వాళ్ళకి పెరట్లో చాలా గోళ్ళు దొరికాయట గానీ ఏది ప్రభుత్వానిదో తేలలేదు.

కూర్మారావుకి మాత్రం ఒక ఆశ పుట్టింది. "సార్, ప్రామాణికమే చెల్లదంటే, దాంతో కొలిచి కట్టేసిన చేతులన్నీ విప్పెయ్యొచ్చు కదా?"

కంట్రోలరు జాలిగా చూశారు. "విప్పవలెనన్న మరల కొలవవలెను. కొలవవలెనన్న చెల్లుబాటయ్యే ప్రామాణికం కావలెను. అది ప్రస్తుతం లేదు."

"మరి ఎప్పుడొస్తుంది, సార్?"

"గోరు పూర్వపు పొడవునకు పెరిగినప్పుడు."

"రేపు వ్రతం, సార్. పూలు అప్పటిదాకా ఆగవు."

"ప్రభుత్వం ఆగును" అన్నారు కంట్రోలరు.

లోపభూయిష్టమైన పరికరం ఎవరిదైనా స్వాధీనం చేసుకోవలసిందే. లక్క ముద్ర వేసే అధికారం ఇన్‌స్పెక్టరుకి తప్ప ఆఫీసులో ఇంకెవరికీ లేదు. కాబట్టి కూర్మారావు తన కుడిచేతికి తనే ఎడంచేత్తో ఎర్రతాడు కట్టుకుని, పళ్ళతో ముడి బిగించి, లక్క పోసి ముద్ర వేసుకున్నాడు. లక్క కాలింది. కాలాల్సిందేననుకున్నాడు.

శుక్రవారం తెల్లవారింది. సుందరమణి స్నానం చేసి, పీట వేసి, కలశం పెట్టింది. "పువ్వుల్లేకుండా అమ్మవారిని ఎలా కూర్చోబెడతానో మీరే చెప్పండి" అంది. గొంతులో కోపం లేదు, ఏడుపు ఉంది. కూర్మారావు చొక్కా తొడుక్కుని బజారుకి బయల్దేరాడు. వెళ్ళి ఏం చెయ్యాలో మాత్రం తెలియదు.

పూలబజారులో జనం ఉన్నారు, పూలున్నాయి, బేరం లేదు. పైడితల్లి బుట్టల ముందు కూర్చుని కట్టేసిన చేతులతోనే జాజిదండలు తీసి వచ్చినవాళ్ళకి అలా ఇచ్చేస్తోంది. ఎవరైనా డబ్బులియ్యబోతే తల అడ్డంగా ఊపుతోంది.

"ఏంటిది, డబ్బులు తీసుకోవడం లేదేం?" అన్నాడు కూర్మారావు.

"కొలవకుండా అమ్మితే నేరవని మీరే సెప్పినారు కదా బావూ. ఇలగిచ్చీడం అమ్మకం కాదు గదా. లచ్చిందేవి పండగనాడు పువ్వులు బుట్టలోనే కుళ్ళిపోతే పాపం నాకు తగుల్తాది." ఒక దండ తీసి ఆయన ముందుకి చాపింది. "అమ్మగారు ఎదురుసూత్తుంటారు. అట్టుకెల్లండి."

ఏడాది తిండి అలా ఊరికి పంచిపెట్టేస్తూ, తనకి కూడా ఒక దండ తీసి ఇస్తోంది. కూర్మారావుకి సిగ్గేసింది. గోపురాలూ అంతస్తులూ ఒక్కటీ గుర్తు రాలేదు. కుడిచేతికి ముద్ర ఉంది కదాని ఎడంచెయ్యి చాపాడు. పైడితల్లి దండ వెనక్కి తీసుకుంది.

"అమ్మోరి పువ్వులు ఎడం సేత్తో పుచ్చుకుంతారేటి బావూ? తప్పు కాదా?"

"తప్పే" అన్నాడు కూర్మారావు.

ఆ ఒక్కమాట అనడానికి ఆయనకి ఇన్నాళ్ళు పట్టింది. కుడిచెయ్యి చాపి, అరచెయ్యి పూర్తిగా తెరిచాడు. ఎర్రతాడు ఫట్టున తెగి, లక్క పెళ్ళలు జాజుల్లో రాలాయి. బజారంతా ఇటు తిరిగింది. ప్రభుత్వ ముద్ర తెంచడం ఎంత నేరమో అక్కడ అందరికీ తెలుసు, అంతకుముందు ఆయనే తిరిగి తిరిగి చెప్పాడు.

"తెగిపోనాది బావూ" అంది పైడితల్లి భయంగా.

"తెగనీ. నీ కత్తెర ఇలా ఇయ్యి."

పూలదారం కత్తిరించే కత్తెరతో ఆవిడ రెండు చేతుల తాళ్ళూ తెంచేశాడు. ఆ కత్తెర బజారంతా చేతులు మారింది. అప్పుడు గొంతుక్కూర్చుని, "రెండు మూరలు కొలువు. డబ్బులిచ్చి కొంటాను" అన్నాడు.

పైడితల్లి మోచెయ్యి వంచి తన పొట్టి మూరతో రెండు సార్లు కొలిచి, ఎప్పటిలాగే చివర ఇంకొంత కొసరు వదిలి తెంపింది. చెయ్యి పొట్టిదని ఆవిడకి ముందు నుంచీ తెలుసు. ఆ కొసరు అందుకే. ఇన్నేళ్ళుగా ఆ కొసరు ఇంటికి మోసుకెళ్తూ, చెయ్యి పొట్టిదని పట్టుకున్న మహానుభావుడు తనే.

సోమవారం సంజాయిషీ అడిగారు. 'ముద్ర తెగుటకు కారణమేమి?' కూర్మారావు ఆ భాషలోనే జవాబిచ్చాడు. 'ప్రామాణికము తన పూర్వపు పొడవును పొందు ప్రయత్నములో సహజముగా విస్తరించుట వలన ముద్ర తెగినది. తక్కిన ముద్రలు దానిని అనుసరించినవి.' కంట్రోలరు గారు చాలాసేపు చదివారు. శుక్రవారం ఆయనింటి అటెండరు పైడితల్లి దగ్గర నాలుగు మూరలు కొని పట్టుకెళ్ళిన సంగతి ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. చివరికి కాగితం మీద ఇలా రాశారు. 'గోరు పూర్తిగా పెరుగువరకు సకల చర్యలు నిలుపుదల. పెరిగిన వెంటనే ఇన్‌స్పెక్టరు తెలియజేయవలెను.'

ఆ గోరు ఇప్పటికీ పెరగలేదు. తరవాతి సమావేశంలో కంట్రోలరు గారు మళ్ళీ బోర్డు దగ్గర నిలబడి, "పరిధిలోకి రాని కొలతలు ఇంకేవైనా గలవా?" అని అడిగారు. ఆ పొద్దున్న సుందరమణి తెమ్మన్న చిటికెడు ఇంగువా, గుప్పెడు కరివేపాకూ కూర్మారావు నాలిక చివరిదాకా వచ్చేశాయి. గబుక్కున నడిమివేలు నోట్లో పెట్టుకుని గోరు కొరుక్కుంటూ కూర్చున్నాడు. ఇప్పుడది అలవాటైపోయింది. చిన్నపిల్లాడిలా ఆ గోరు కొరుకుడేమిటని సుందరమణి మాత్రం కసరదు.

సాయంత్రం పూలకెళ్తే పైడితల్లి ముందు ఆ మాటే అడుగుతుంది.

"గోరు పెరిగినాదేటి బావూ?"

కూర్మారావు వేలు చూపిస్తాడు. ఆవిడ తృప్తిగా తలాడించి, మోచెయ్యి వంచి రెండు మూరలు కొలిచి, "ఇదిగోండి, అమ్మగారికి జానెడు కొసరు" అని కలుపుతుంది.

జానెడు కూడా కొలతేనని ఆయనకి మొదటిరోజే తట్టింది. నోరు మాత్రం తెరవలేదు.